తెల్లబడిన పళ్లకు ఫ్లోరైడ్ చేసేదేమిటి, చేయలేనిదేమిటి

డెంటల్ క్లినిక్‌లో వైటెనింగ్ ముగియగానే ఎవరైనా ముందు అడిగేది అద్దం. రంగు ఎంత మారిందో చూసుకుని సంతోషంగా లేవబోతుంటే డాక్టర్ ఇంకో ఐదు నిమిషాలు ఆగమంటారు. పళ్ల మీద జిగురులాంటిది ఏదో పూస్తారు, లేదా ట్రేలో ఇంకో జెల్ వేసి పెడతారు. 'ఫ్లోరైడ్ పెట్టాం, కాసేపు ఏమీ తినకండి' అని చెప్పి పంపేస్తారు. అది దేనికని అడిగేవాళ్లు తక్కువ. దాంతో ఈ ఫ్లోరైడ్ గురించి రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. వైటెనింగ్‌తో పన్ను గట్టి పైపొర అయిన ఎనామిల్ కరిగిపోతుందని, ఫ్లోరైడ్ దాన్ని మళ్లీ పెంచుతుందని కొందరి నమ్మకం. బిల్లు పెంచుకోవడానికే తప్ప దానితో పనేమీ లేదని ఇంకొందరి అనుమానం.

రెండూ నిజం కావు. వైటెనింగ్‌కు ఎనామిల్ అంత తేలిగ్గా కరిగిపోదు. నిజంగా అరిగిపోయిన ఎనామిల్‌ను ఫ్లోరైడ్ మళ్లీ మొలిపించలేదు. అయినా వైటెనింగ్ తర్వాత దానికి ఒక స్పష్టమైన పని ఉంది. ఆ పనేమిటో తెలిస్తే, క్లినిక్‌లో ఒకసారి పూసే పూత కన్నా ఇంట్లో రోజూ రాత్రి చేసే రెండు నిమిషాల బ్రషింగ్ ఎందుకు ముఖ్యమో కూడా తెలుస్తుంది.

ఎనామిల్ అనే జమాఖర్చుల ఖాతా

మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఎనామిల్. ఎముక కూడా దాని ముందు మెత్తనిదే. బరువులో దాదాపు 96 శాతం ఖనిజం, మిగిలింది నీరు, కొద్దిపాటి ప్రొటీన్. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్‌తో ఏర్పడిన సన్నని స్ఫటికాలు కట్టలు కట్టలుగా ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. నమిలే పళ్ల మొనల దగ్గర ఈ పొర మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చిగురు దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడిపోతుంది. పన్ను చిగురు అంచున పసుపుగా కనిపించడానికి ఒక కారణం ఇదే. పలచటి ఎనామిల్ కింద నుంచి పసుపు రంగు డెంటిన్ తొంగిచూస్తుంటుంది.

ఎనామిల్‌ను తయారుచేసిన కణాలు పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికే మాయమైపోతాయి. చర్మం తెగితే పూడుకుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్ ముక్క ఊడితే మాత్రం ఆ చోటును నింపడానికి లోపల ఎవరూ లేరు. అలాగని అది మార్పు లేని రాయి కూడా కాదు. దాని ఉపరితలం నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ రోజంతా కొద్దికొద్దిగా లాలాజలంలోకి పోతుంటాయి, అక్కడి నుంచి తిరిగి వచ్చి చేరుతుంటాయి. పుల్లటిది తగిలినప్పుడు ఖర్చు పెరుగుతుంది. ఉమ్మి ఆ పులుపును కడిగి చల్లార్చాక జమ పెరుగుతుంది. ఖర్చు జమను మించి నెలల తరబడి సాగితే చివరికి కనిపించేదే పుప్పిపన్ను.

వైటెనింగ్ గురించిన చర్చంతా ఈ ఖాతా దగ్గర మొదలవ్వాలి. పెరాక్సైడ్ దీంట్లో ఎంత ఖర్చు రాస్తుంది? ఫ్లోరైడ్ ఎంత జమ చేయించగలదు?

పెరాక్సైడ్ ఎక్కడిదాకా వెళ్తుంది

వైటెనింగ్ జెల్‌లో పనిచేసే మందు హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా తడి తగిలితే దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. ఇంట్లో ట్రేలో పెట్టుకోమని డాక్టర్లు ఇచ్చేవి ఎక్కువగా ఈ కోవలోవి. కుర్చీలో కూర్చోబెట్టి చేసేదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. చిగుళ్ల మీద ముందుగా రక్షణ పొర వేసేది అందుకే.

పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. ఎనామిల్ స్ఫటికాల మధ్య సందుల్లోంచి దూరి, డెంటిన్‌ను దాటి, కొద్ది నిమిషాల్లోనే పన్ను లోపల నాడి ఉండే మెత్తటి భాగం, అంటే పల్ప్ దాకా వెళ్లిపోతుంది. దారిలో రంగుకు కారణమైన పెద్ద సేంద్రియ అణువులను ఆక్సీకరణతో విడగొడుతుంది. అలా విడిపోయినవి వెలుతురును మునుపటిలా పీల్చుకోలేవు. దాంతో పన్ను తెల్లగా కనిపిస్తుంది. గార తీయడం లాగా ఇది పైపైన గీకే పని కాదు. రంగు మారేది పన్ను లోపల.

మరి ఆ వెళ్లే దారిలో ఎనామిల్‌కు ఏమవుతుంది? ప్రయోగశాలల్లో దీన్ని చాలా కాలంగా పరీక్షిస్తున్నారు. కొన్నిటిలో ఉపరితలం గట్టిదనం కొంచెం తగ్గినట్టు, కాల్షియం కొద్దిగా పోయినట్టు, సూక్ష్మదర్శినిలో చూస్తే నునుపు చెదిరినట్టు తేలింది. కొన్నిటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా కనిపించిన చోట్ల తరచుగా కనిపించే కారణాలు రెండు: పెరాక్సైడ్ గాఢత ఎక్కువగా ఉండటం, జెల్ పీహెచ్ తక్కువగా, అంటే పులుపు ఎక్కువగా ఉండటం. పెరాక్సైడ్ నిలవ ఉండాలంటే కొంత ఆమ్లగుణం అవసరం. ఆ ఆమ్లగుణం అలాగే ఉండిపోయిన జెల్ పన్ను మీద అరగంటో గంటో కూర్చుంటే, పెరాక్సైడ్ కన్నా ఆ పులుపే ఎక్కువ ఖర్చు రాస్తుంది. అందుకే చాలా జెల్స్‌ను ఇప్పుడు రెండు భాగాలుగా తయారుచేస్తున్నారు. వాడే ముందు కలిపితే పీహెచ్ తటస్థ స్థాయికో, దానికి దగ్గరగానో వస్తుంది. జెల్ శాతం ఎంతని అడిగేవాళ్లు కొందరైనా ఉంటారు. పీహెచ్ ఎంతని ఎవరూ అడగరు. ఎనామిల్ దృష్టితో చూస్తే రెండో ప్రశ్నకు కూడా అంతే విలువ ఉంది.

ఈ ప్రయోగాలను చదివేటప్పుడు ఒక సంగతి మర్చిపోకూడదు. వాటిలో ఎక్కువ భాగం తీసేసిన పళ్ల మీద చేసినవి. గాజుపాత్రలో ఉన్న పన్నుకు ఖర్చు ఉంటుంది గానీ, జమ చేసే లాలాజలం ఉండదు. ఉమ్మి మధ్య ఉంచి చేసిన పరిశీలనల్లో ఈ నష్టం బాగా తగ్గిపోతుంది, లేదా కొద్ది రోజుల్లో పూడిపోతుంది. కాబట్టి వైటెనింగ్ ఎనామిల్‌ను తినేస్తుందన్నది అతిగా చెప్పిన మాట. అసలేమీ జరగదన్నది తక్కువ చేసి చెప్పిన మాట.

జరిగేది ఇదీ. వైటెనింగ్ ముగిసిన వెంటనే కొన్ని గంటలపాటు, కొందరిలో రెండు మూడు రోజులపాటు, పన్ను ఉపరితలం మామూలు కన్నా కొంచెం బలహీనంగా ఉంటుంది. నోరు తెరిచి, పళ్లను ఆరబెట్టి ఉంచడం వల్ల ఎనామిల్‌లోని నీరు కొంత ఆవిరై ఉంటుంది. లాలాజలంలోని ప్రొటీన్లతో పన్ను మీద ఎప్పుడూ ఉండే పలచని పొర కూడా చెదిరి ఉంటుంది. పెల్లికిల్ అని పిలిచే ఆ పొర పులుపు నేరుగా ఎనామిల్‌ను తాకకుండా కొంత అడ్డుపడుతుంది. అది మళ్లీ ఏర్పడటం నిమిషాల్లోనే మొదలవుతుంది గానీ, కుదురుకోవడానికి గంటలు పడుతుంది. ఫ్లోరైడ్ అవసరం ముఖ్యంగా కనిపించేది ఈ వ్యవధిలోనే.

జివ్వుమనడం వేరు, అరగడం వేరు

వైటెనింగ్ చేయించుకున్న రోజు రాత్రి చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమని లాగుతాయి. కొందరికి ఏమీ తగలకపోయినా కరెంటు కొట్టినట్టు ఒక్క క్షణం పోటు వచ్చి పోతుంది. అప్పటిదాకా తెల్లదనం చూసుకుని మురిసిపోయినవాళ్లకు అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఎనామిల్ పోయిందేమో, పన్ను పాడైందేమో అని.

ఆ పోటు ఎనామిల్ అరిగిందని చెప్పే సంకేతం కాదు. ఎనామిల్‌లో నరాలే లేవు. పెరాక్సైడ్ పల్ప్ దాకా చేరి అక్కడి నాడిని తాత్కాలికంగా రేపెడుతుంది. దీనికి తోడు డెంటిన్‌లో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు లక్షల్లో ఉంటాయి. వాటిలోని ద్రవం చలికి, గాలికి కదులుతుంది. రేగి ఉన్న నాడికి ఆ చిన్న కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. సాధారణంగా మొదటి 24 గంటల్లో ఇది ఎక్కువగా ఉండి, కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది.

ఈ నొప్పికి ఫ్లోరైడ్ చేసే సాయం కొంతే. చిగురు కిందికి జారి వేరు భాగం బయటపడిన చోట, గొట్టాల నోళ్ల దగ్గర అది ఖనిజాన్ని పేరుకునేలా చేసి ద్రవం కదలికను తగ్గిస్తుంది. రేగిన నాడిని శాంతపరచడం మాత్రం దాని పని కాదు. ఆ పని చేసేది పొటాషియం నైట్రేట్. సెన్సిటివిటీ పేస్టుల్లో చాలావాటిలో ఇది 5 శాతం ఉంటుంది. వైటెనింగ్ తర్వాత వాడే కొన్ని జెల్స్‌లో పొటాషియం నైట్రేట్, సోడియం ఫ్లోరైడ్ రెండూ కలిసి ఉండటానికి కారణం, రెండూ రెండు వేర్వేరు సమస్యలకు మందులు కావడం. అలాంటి జెల్‌ను వైటెనింగ్‌కు ముందే పెడితే తర్వాతి పోటు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. వైటెనింగ్‌కు రెండు వారాల ముందు నుంచే సెన్సిటివిటీ పేస్టు వాడమని చెప్పే డాక్టర్లు రోగి మేలు కోరి చెబుతున్నట్టే. నొప్పి వచ్చాక తగ్గించుకోవడం కన్నా రాకుండా చూసుకోవడం సులువు.

పోటు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఒకే పన్ను పట్టుకుని లాగుతుంటే, రాత్రి నిద్రలేపేలా సలుపుతుంటే దాన్ని వైటెనింగ్ మీదికి నెట్టేసి ఊరుకోకూడదు. అంతకుముందే ఉన్న పుప్పి, పగులు, సందు పడిన ఫిల్లింగ్ ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. అది ఫ్లోరైడ్‌తో తీరేది కాదు, పన్ను చూపించుకోవాల్సిందే.

ఇటుకలు లాలాజలానివి, పనితనం ఫ్లోరైడ్‌ది

ఫ్లోరైడ్ పన్ను మీద ఒక కవచంలా అంటుకుంటుందని చాలామంది ఊహించుకుంటారు. నిజానికి అది మేస్త్రీ లాంటిది. గోడ కట్టడానికి కావాల్సిన ఇటుకలు, అంటే కాల్షియం, ఫాస్ఫేట్, లాలాజలంలో ఉంటాయి. ఫ్లోరైడ్ ఎనామిల్ స్ఫటికాల ఉపరితలాన్ని పట్టుకుని, ఆ కాల్షియాన్ని దగ్గరికి లాగి, ఖనిజం త్వరగా పేరుకునేలా చేస్తుంది. అలా కొత్తగా పేరుకునే ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన కొన్ని చోట్ల ఫ్లోరైడ్ కూర్చుంటుంది. ఆ కొత్త ఖనిజం పాతదాని కన్నా పులుపుకు బాగా తట్టుకుంటుంది. మామూలు ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ దగ్గర కరగడం మొదలైతే, ఫ్లోరైడ్ నిండిన ఖనిజం సుమారు 4.5 దాకా నిలబడుతుంది. ఒక్క అంకె తేడా చిన్నదిగా కనిపించొచ్చు. పీహెచ్ లెక్కలో అది ఆమ్లగాఢతలో పది రెట్ల తేడా.

గాఢత ఎక్కువున్న ఫ్లోరైడ్ పూసినప్పుడు ఇంకొకటి కూడా జరుగుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ లాంటి సూక్ష్మమైన గుళికలు పన్ను ఉపరితలం మీద, సన్నని సందుల్లో నిలుస్తాయి. నోట్లో పీహెచ్ పడిపోయినప్పుడు అవి కరిగి, సరిగ్గా అవసరమైన సమయానికి ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తాయి. క్లినిక్‌లో వేసే పూతకు అసలు విలువ ఈ నిల్వలోనే ఉంది. అయితే నిల్వ ఎప్పుడూ ఖర్చయ్యేదే. కొన్ని వారాలకు అది తరిగిపోతుంది. రోజూ పేస్టు ద్వారా కొద్దికొద్దిగా నింపుతూ ఉండకపోతే క్లినిక్‌లో వేసింది మొదటి నెల ముచ్చటగానే మిగులుతుంది.

వైటెనింగ్ చేసిన ఎనామిల్‌కు ఫ్లోరైడ్ పెట్టినప్పుడు, పెట్టనిదాని కన్నా గట్టిదనం మెరుగ్గా తిరిగి వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. వచ్చిన తెల్లదనం ఫ్లోరైడ్ వల్ల తగ్గిపోతుందేమోనన్న భయానికి ఆధారం లేదు. రంగు అణువులు అప్పటికే విడిపోయి ఉంటాయి. ఎనామిల్‌లో ఖనిజం చేరినంత మాత్రాన అవి మళ్లీ అతుక్కోవు.

లాలాజలం లేకపోతే ఈ కథంతా సగంలో ఆగిపోతుంది. నోరు ఎండిపోయే సమస్య ఉన్నవాళ్లకు, అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల ఉమ్మి తగ్గినవాళ్లకు మేస్త్రీ ఉన్నా ఇటుకలు చాలవు. వాళ్లు వైటెనింగ్‌కు ముందే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. పాలలోని కేసిన్ ప్రొటీన్‌కు కాల్షియం, ఫాస్ఫేట్ జోడించి తయారుచేసిన క్రీములు ఉన్నాయి. అవి బయటి నుంచి ఇటుకలు తెచ్చి ఇచ్చినట్టు పనిచేస్తాయి. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం వాటిని వాడకూడదు. అతి సూక్ష్మమైన హైడ్రాక్సీఅపటైట్ కణాలున్న పేస్టులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. అయితే పళ్లు పుచ్చకుండా ఆపడంలో ఫ్లోరైడ్‌కు ఉన్నన్ని దశాబ్దాల ఆధారాలు వీటికి లేవు. ఫ్లోరైడ్‌కు తోడుగా వాడుకోవచ్చు గానీ, దాన్ని మానేసి వీటికి మారడం తొందరపాటే.

ఏ ఫ్లోరైడ్, ఎంత

ఫ్లోరైడ్ బలాన్ని పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలని కొలుస్తారు. మామూలు పేస్టులో 1000 నుంచి 1500 దాకా ఉంటుంది. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఈ అంకె కోసం వెతకడం అలవాటు చేసుకోవాలి. వైటెనింగ్ పేరుతో అమ్మే పేస్టుల్లో అసలు ఫ్లోరైడ్ లేనివి కూడా ఉన్నాయి. పుప్పి ముప్పు ఎక్కువున్నవాళ్లకు డాక్టర్ సలహా మీద ఇచ్చే పేస్టులో 5000 పీపీఎం ఉంటుంది. రోజూ వాడే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో సుమారు 225. క్లినిక్‌లో పూసే 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌లో 22,600.

ఆ చివరి అంకె చూసి కంగారు పడక్కర్లేదు. వార్నిష్ వాడేది అర మిల్లీలీటరు లోపే. ఉమ్మి తగలగానే గట్టిపడి పన్నును పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా గొంతులోకి పోదు. వైటెనింగ్ చేయించుకున్నవాళ్లను ఇబ్బంది పెట్టేది వేరే విషయం. కొన్ని వార్నిష్‌లు పసుపుగా ఉంటాయి. ఇప్పుడే తెల్లబడిన పళ్ల మీద ఆ పసుపు పూత చూస్తే గుండె జారిపోతుంది. మరుసటి రోజు బ్రష్ చేస్తే అది పోతుంది. తెల్లగా, పారదర్శకంగా ఉండే రకాలూ ఉన్నాయి, ముందుగా అడిగితే వాటినే పూస్తారు. పూత వేశాక కనీసం నాలుగు నుంచి ఆరు గంటలపాటు బ్రష్ చేయకుండా, వేడి పానీయాలు, గట్టి పదార్థాలు తీసుకోకుండా ఉంటే ఫ్లోరైడ్ పన్నులోకి చేరడానికి సమయం దొరుకుతుంది. చాలా వార్నిష్‌లలో చెట్టు జిగురు నుంచి తీసిన రెజిన్ ఉంటుంది. దానికి అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

జెల్ రూపంలో ఇచ్చేటప్పుడు ఇంకో ఎంపిక ఉంటుంది. ఆమ్లగుణం ఉన్న ఏపీఎఫ్ జెల్ చాలా కాలంగా వాడుకలో ఉంది. అందులో 1.23 శాతం ఫ్లోరైడ్ అయాన్ ఉంటుంది, పీహెచ్ సుమారు 3.5. ఆ పులుపు ఫ్లోరైడ్ త్వరగా ఎక్కడానికి సాయపడుతుంది. అదే పులుపు పింగాణీ క్యాపుల మెరుపును, కొన్ని రకాల ఫిల్లింగుల నునుపును దెబ్బతీస్తుంది. వైటెనింగ్ చేయించుకునేవాళ్లలో ముందు పళ్లకు క్యాపులో, వెనీర్లో (పన్ను ముందు అతికించే పలచని పొరలు) ఉన్నవాళ్లు తక్కువేం కాదు. అప్పటికే కాస్త నీరసించి ఉన్న ఎనామిల్ మీద ఇంకో పులుపు పెట్టడంలో అర్థం కూడా లేదు. వైటెనింగ్ తర్వాతైతే తటస్థంగా ఉండే సోడియం ఫ్లోరైడ్ జెల్ లేదా వార్నిష్ మేలు.

రంగు విషయంలో స్టానస్ ఫ్లోరైడ్ అనే ఇంకో రకం గురించి ఒక మాట. పుప్పికీ, చిగుళ్లకీ, సెన్సిటివిటీకీ అది మంచి మందే. అయితే కొందరిలో పన్ను పైన గోధుమ రంగు మరక తెప్పిస్తుంది. కొత్త తయారీల్లో ఈ సమస్య తగ్గింది గానీ, తెల్లదనం కోసమే ఇంత చేసినవాళ్లు మొదటి వారాల్లో సోడియం ఫ్లోరైడ్‌తో ఉండటం నిశ్చింత. చిగుళ్ల కోసం ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా ఇలాగే మరకలు వేస్తుంది. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప ఆ రోజుల్లో దాని జోలికి పోనక్కర్లేదు.

ఇంట్లో చేసే బ్రషింగ్‌లో ఫ్లోరైడ్ ఎక్కువగా వృథా అయ్యేది చివరి అరనిమిషంలో. బ్రష్ చేశాక నోటినిండా నీళ్లు పోసుకుని మూడు నాలుగుసార్లు పుక్కిలిస్తాం. పన్ను మీద పనిచేయాల్సిన ఫ్లోరైడ్ కాస్తా సింకులోకి పోతుంది. నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయడం ఉత్తమం. రాత్రి పడుకునే ముందు ఇలా చేస్తే ఫలితం ఇంకా ఎక్కువ. నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది కాబట్టి నోట్లో మిగిలిన ఫ్లోరైడ్ త్వరగా కొట్టుకుపోదు. బ్రష్ చేసిన వెంటనే మౌత్‌వాష్ వాడే అలవాటు కూడా మేలు చేయదు. 1450 పీపీఎం పేస్టును 225 పీపీఎం ద్రవంతో కడిగేసినట్టే అవుతుంది. మౌత్‌వాష్ కావాలంటే మధ్యాహ్నం భోజనం తర్వాతో, ఇంకెప్పుడో వాడుకోవచ్చు.

మరకల వెంట పడితే దొరికిన మందు

ఫ్లోరైడ్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఫ్లోరోసిస్, పళ్ల మీద గోధుమ మచ్చలు. పళ్లు తెల్లగా చేయించుకున్నవాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ. ఆ భయానికి మూలం లేకపోలేదు. ఫ్లోరైడ్ చరిత్ర మొదలైందే మచ్చలతో. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు, అక్కడివాళ్ల పళ్ల మీద గోధుమ మరకలు ఎందుకొస్తున్నాయో తెలుసుకోవడానికి దశాబ్దాలు వెచ్చించారు. ఆ మచ్చల పళ్లు పుచ్చిపోవడం తక్కువని కూడా గమనించారు. 1931లో రసాయన శాస్త్రవేత్త హెచ్.వి.చర్చిల్ నీటిలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడే కారణమని కనిపెట్టారు. ఎంత మోతాదులో మచ్చలొస్తాయి, ఎంత మోతాదులో మచ్చల్లేకుండానే రక్షణ దొరుకుతుంది అన్న లెక్క ఆ తర్వాత అమెరికా దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ పరిశోధనలతో తేలింది.

ఫ్లోరోసిస్ మచ్చలు వచ్చేది పన్ను దవడ లోపల తయారవుతున్న వయసులో, ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోయినప్పుడు. సుమారు ఎనిమిదేళ్లు దాటేసరికి కనిపించే పళ్ల ఎనామిల్ తయారీ ముగిసిపోతుంది. వైటెనింగ్ చేయించుకునే వయసులో ఉన్నవాళ్ల పళ్లకు పైన పూసిన ఫ్లోరైడ్ వల్ల ఫ్లోరోసిస్ రాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం 5000 పీపీఎం పేస్టు, ఫ్లోరైడ్ జెల్ వాళ్ల చేతికి అందకుండా పెట్టాలి. అక్కడ జాగ్రత్త నిజంగా అవసరం.

వైటెనింగ్ అయిన రెండు మూడు రోజులపాటు కొందరికి పళ్ల మీద తెల్లటి మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అవి ఫ్లోరైడ్ వల్ల కొత్తగా వచ్చినవి కావు. చిన్నప్పటి నుంచి ఉన్నవో, క్లిప్పులు పెట్టుకున్నప్పుడు ఏర్పడినవో, పన్ను ఆరిపోవడం వల్ల ఎక్కువగా తెలుస్తున్నాయంతే. నీరు తిరిగి ఎక్కాక చాలావరకు మునుపటి స్థితికి సర్దుకుంటాయి.

పెరాక్సైడ్ కన్నా ఎక్కువ నష్టం చేసేవి

మొదటి 24 నుంచి 48 గంటలు కాఫీ, టీ, ముదురు రంగు పదార్థాలు మానేయమని అందరూ చెబుతారు. ఆ సలహా రంగు కోసం. ఎనామిల్ కోసం చెప్పాల్సింది దాని వెనక ఉండిపోతోంది. రంగు లేదు కదా అని నిమ్మరసం, సోడా తాగేవాళ్లున్నారు. నిమ్మరసం పీహెచ్ సుమారు 2 నుంచి 2.5. రంగు లెక్కలో అది నిర్దోషి. ఎనామిల్ లెక్కలో, అందునా పెల్లికిల్ ఇంకా కుదురుకోని పన్ను మీద, కాఫీ కన్నా చాలా హాని చేస్తుంది. ఆ రెండు రోజులు రంగునూ పులుపునూ రెండిటినీ దూరం పెట్టాలి. పొరపాటున పుల్లటిది తగిలి పళ్లు పులిస్తే వెంటనే బ్రష్ అందుకోకూడదు. నీళ్లతో పుక్కిలించి, అరగంట నుంచి గంటసేపు ఆగాలి. మెత్తబడిన ఉపరితలాన్ని బ్రష్‌తో రుద్దితే ఫ్లోరైడ్ పేస్టు అయినా సరే, మేలు కన్నా కీడే ఎక్కువ.

వచ్చిన తెల్లదనాన్ని నిలబెట్టుకోవాలన్న ఆత్రంలోనే అసలు నష్టం జరుగుతోంది. బొగ్గు పొడులు, గరుకైన వైటెనింగ్ పేస్టులు, నిమ్మరసంలో కలిపిన వంటసోడా, గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దడం... ఇవన్నీ చేసే నష్టం ఉమ్మి పూడ్చేది కాదు. ఖనిజం కొద్దిగా పోయిన ఎనామిల్‌ను ఫ్లోరైడ్ బాగు చేయగలదు, ఎందుకంటే స్ఫటికాల చట్రం అక్కడే ఉంటుంది. గీకేసిన ఎనామిల్‌కు ఆ చట్రమే మిగలదు. పైగా ఎనామిల్ పలచబడేకొద్దీ కింది పసుపు డెంటిన్ ఎక్కువగా బయటపడుతుంది. తెల్లదనం కోసం రుద్దిన పన్ను ఆ రుద్దడం వల్లే పచ్చబడుతుంది. ఏ పళ్లకైతే ఇంత జాగ్రత్తగా పూత వేయించారో, ఆ పళ్లకే ఇలా జరగడం చూస్తే బాధేస్తుంది. పేస్టు గరుకుదనాన్ని ఆర్‌డీఏ అనే అంకెతో కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 250 గరిష్ఠ పరిమితి. వైటెనింగ్ తర్వాత దానికన్నా చాలా తక్కువగా, 70, 80 దరిదాపుల్లో ఉన్న పేస్టు, మెత్తటి బ్రష్ సరిపోతాయి.

ఇక మిగిలింది మళ్లీ మళ్లీ చేయించుకోవడం. కుర్చీలోంచి లేచినప్పుడు అద్దంలో కనిపించిన తెల్లదనంలో కొంత భాగం పన్ను ఆరిపోవడం వల్ల వచ్చింది. నీరు తిరిగి ఎక్కి, వారం, రెండు వారాల్లో రంగు కాస్త తగ్గుతుంది. వైటెనింగ్ విఫలమైందని కొందరు అప్పుడే కంగారు పడి, నెల తిరక్కుండా ఇంకో సిటింగ్‌కు వెళ్తారు. జమాఖర్చుల ఖాతా ఇంకా సర్దుకోకముందే మళ్లీ ఖర్చు రాయించినట్టు అవుతుంది. స్థిరపడిన రంగేమిటో రెండు వారాల తర్వాతే చూసుకోవాలి. ముందు పళ్లకు రంగు కలిసేలా కొత్త ఫిల్లింగ్ వేయించుకోవాలన్నా అప్పటిదాకా ఆగడమే సరైనది. పన్నులో మిగిలిపోయిన ఆక్సిజన్ ఫిల్లింగ్ సరిగా అంటుకోనివ్వదు.

ఆ తర్వాత కూడా ఇంకొంచెం తెలుపు కావాలనిపిస్తే, ఎక్కువ శాతం జెల్‌తో ఇంకో సిటింగ్ కన్నా ఇంట్లో ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో కొన్ని రాత్రులు మెల్లగా చేసుకోవడం ఎనామిల్‌కు నయం. జివ్వుమనిపిస్తే మధ్యలో ఒక రాత్రి పెరాక్సైడ్ మానేసి, అదే ట్రేలో డాక్టర్ సూచించిన పొటాషియం నైట్రేట్, ఫ్లోరైడ్ జెల్ వేసి 10 నుంచి 30 నిమిషాలు పెట్టుకోవచ్చు. కొలత తీసి చేయించిన ఆ ట్రే తెల్లదనం కోసం ఎంత ఉపయోగపడుతుందో, పన్నును కాపాడుకోవడానికీ అంతే ఉపయోగపడుతుంది. చాలామంది దాన్ని డబ్బాలో పెట్టి మర్చిపోతారు.